టీకాతోపాటే ఇరవై ప్రశ్నలు

ఏడాదిన్నర బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. పక్కగదిలో బిస్కెట్ పొట్లం చప్పుడైతే మాత్రం పరుగున వస్తాడు. కావలసినదాన్ని వేలితో చూపించడు, అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్తాడు. బొమ్మకారు ఇస్తే నడపడు, తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు. తల్లికి గుబులు పుడుతుంది. ఇంట్లో పెద్దల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే. వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకు గానీ రాలేదు.’ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు, మొక్కులు మొక్కుతారు. కొందరు డాక్టర్లూ ‘మూడేళ్ళు నిండనివ్వండి, చూద్దాం’ అని పంపించేస్తారు.

ఈ ‘చూద్దాం’కు ఇక స్వస్తి పలకాలి. ఇలాంటి లక్షణాలున్న ప్రతి బిడ్డకూ ఆటిజం ఉందని కాదు. వినికిడి లోపం కావచ్చు, మాటలు రావడంలో జాప్యమే కావచ్చు. ఏదైనా సరే, రెండేళ్ళలోపు పసిగడితే బిడ్డకు మాట, సైగ, ఆట నేర్పే పని అప్పుడే మొదలవుతుంది. అందుకు నిర్ధారణ పత్రం చేతికొచ్చే దాకా ఆగనక్కర్లేదు.

దారి మన కళ్ళెదుటే ఉంది. జాతీయ టీకాల పట్టిక ప్రకారం 16 నుంచి 24 నెలల మధ్య మీజిల్స్-రూబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్ వేస్తారు. ఆటిజం అనుమానాన్ని పసిగట్టే ఎం-చాట్ ప్రశ్నావళి 16 నుంచి 30 నెలల పిల్లల కోసమే తయారైంది. అందులో ఉన్నవి 20 ప్రశ్నలు. తల్లి అవుననో కాదనో చెబితే చాలు. టీకా వేశాక బిడ్డను ఎలాగూ అరగంట కూర్చోబెడతారు. ఆ అరగంటలో ఆ ప్రశ్నలు అడగాలి. ప్రభుత్వ ఆసుపత్రులకే కాదు, ప్రైవేటు క్లినిక్కులకూ దీన్ని తప్పనిసరి చేయాలి.

ఇది కొత్త కోరిక కాదు. ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ముప్పు ఉన్న పిల్లలను గుర్తించడానికి ఏడాదికి ఒక్కసారైనా పిల్లలందరినీ పరీక్షించాలని 25వ సెక్షన్‌లో చెప్పింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం లక్ష్యాల్లో ఎదుగుదల లోపాలను గుర్తించడం ఒకటి. అయితే దాని సంచార బృందం అంగన్‌వాడీకి వచ్చేది ఏడాదికి రెండుసార్లే. ఆ రోజు అక్కడ లేని బిడ్డ లెక్కలోకి రాడు. టీకాకు మాత్రం ఆ బిడ్డనూ ఎత్తుకొస్తారు.

ఏఎన్ఎంలకు ఇప్పటికే తలకు మించిన పని ఉందన్నది నిజం. అందుకే శిక్షణ ఇవ్వాలి, అదనపు పనికి అదనంగా చెల్లించాలి. అనవసరంగా తల్లిదండ్రులను బెదరగొడతారన్న అభ్యంతరమూ ఉంది. ప్రశ్నావళి తీర్పు కాదని, మరో పరీక్షకు పంపే చీటీ మాత్రమేనని ముందే చెబితే ఆ భయం తగ్గుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. చీటీ పట్టుకుని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్తే అక్కడ స్పీచ్ థెరపిస్టు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. శిక్షకుల కోసం దూరం వెళ్ళనక్కర్లేదు.

ప్రభుత్వం వదిలేసిన చోటుకు వ్యాపారం వస్తుంది. ఆటిజాన్ని స్టెమ్‌సెల్స్‌తో నయం చేస్తామంటే నమ్మి అప్పుల పాలైన కుటుంబాలున్నాయి. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చింది. టీకాలవల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి పరిశోధన పత్రాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. తల్లి సరిగా పెంచకపోవడంవల్ల రాదనీ ఏనాడో రుజువైంది. అయినా ‘నువ్వు ఫోను చూపించబట్టే’ అని కోడలిని బోనెక్కించే ఇళ్ళకు కొదవలేదు. నిందకు పెట్టే శ్రద్ధ బిడ్డతో నేలమీద కూర్చుని ఆడడానికి పెడితే మేలు. ఆ ఆట తండ్రి కూడా ఆడాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఈ ఏడాదే ఉత్తర్వు ఇవ్వాలి. 20 ప్రశ్నలను తెలుగులో, ఉర్దూలో, గోండి వంటి గిరిజన భాషల్లో సిద్ధం చేయాలి. ఎంతమంది పిల్లలను అడిగారో, ఎంతమందిని పంపారో, వారిలో ఎంతమందికి చికిత్స మొదలైందో జిల్లాలవారీగా ఏటా ప్రకటించాలి. ఇరవై ప్రశ్నలు అచ్చు వేయించడానికి నిధుల్లేవన్న సాకు చెల్లదు.