ఆ అడవిని ఇంజనీర్లు నాటారు

ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి దక్షిణంగా, అట్లాంటిక్ ఒడ్డున లాండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడి పైన్ అడవుల్లోకి గ్రావెల్ బైకులేసుకుని వెళ్లేవాళ్లందరూ ఒకటే మాట అంటారు, "ప్రకృతి ఒడిలో" అని. ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కి బోర్డో వెళ్లినప్పుడు ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేను మన బ్యాచ్ గ్రూపులో పెట్టిన ఫొటోల కింద కూడా అవే కామెంట్లు. నాకు పేచీ ఆ మాట దగ్గరే. దాదాపు 10 లక్షల హెక్టార్ల ఆ అడవిలో చాలా భాగం మనుషులు లెవెల్స్ తీసి, కాల్వలు తవ్వి, వరసగా నాటింది. ఆ పని చేసింది మన సివిల్ బ్రాంచి వాళ్లే. ఇది తెలిసి తొక్కితే ఆ రైడు ఇంకా బాగుంటుందని నేనంటాను. తెలియకుండా తొక్కితే సగమే చూసినట్టు.

గ్రావెల్ బైక్ అంటే తెలియని జూనియర్ల కోసం రెండు ముక్కలు. చూడ్డానికి రేసింగ్ సైకిల్ లాగే వంకర హ్యాండిల్ ఉంటుంది. టైరు మాత్రం 40 మిల్లీమీటర్ల దాకా వెడల్పు, గాలి కాస్త తక్కువ కొడతారు. కంకర దారైనా మట్టి దారైనా ఆగదు. లాండ్‌లో దాన్ని ఆపేది ఒక్క ఇసుకే. పైన్ సూదులు పరుచుకున్న చోట మెత్తగా, హాయిగా పోతూ ఉంటుంది. ఉన్నట్టుండి ముందు చక్రం కూరుకుపోతుంది. ఇక దిగి నెట్టుకోవాల్సిందే.

కారులోంచి చూస్తే ఆ అడవి ఒక పచ్చ గోడ, అంతే. నడుద్దామంటే కిలోమీటర్ల కొద్దీ స్కేలు పెట్టి గీసినట్టున్న దారులు, విసుగొస్తుంది. గంటకి 15, 20 కిలోమీటర్ల వేగం మాత్రం సరిగ్గా సరిపోతుంది. చెట్ల వరసల మధ్య సందులు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుని మూసుకుంటుంటాయి. అప్పుడు అనుమానం మొదలవుతుంది. ఒక బ్లాకులో చెట్లన్నీ ఒకే లావు, పక్క బ్లాకులో అన్నీ మోకాలెత్తు, ఆ తర్వాతది మొత్తం నరికేసిన మొదళ్లు. సుమారు 40 ఏళ్లకొకసారి కోత. దారి పక్కన ఎక్కడ చూసినా మురుగు కాల్వ. అడవికి డ్రైనేజీ ఎందుకు అనుకున్నాను. అసలు కథంతా ఆ కాల్వలోనే ఉంది.

రెండు వందల ఏళ్ల క్రితం అక్కడ అడవి కొద్దిగానే ఉండేది. మిగతాదంతా పొదల బయలు. పైన ఇసుక, కింద ఇనుము చేరి రాయిలా గట్టిపడ్డ పొర. దాన్ని అక్కడ ఆలియోస్ అంటారు. నేల బల్లపరుపు. చలికాలం నీళ్లు ఇంకవు, పారవు. ఎండాకాలం అదే నేల ఎండిపోతుంది. జనం గొర్రెలు కాసుకునేవాళ్లు, ముఖ్యంగా ఎరువు కోసం. ఆ ఎరువుతో రై పండించుకునేవాళ్లు. చిత్తడిలో నడవడానికి, దూరంగా ఉన్న మందని చూడ్డానికి కాపరులు పొడుగాటి కర్రకాళ్లు కట్టుకునేవాళ్లు. వాటి మీదే నిలబడి ఉన్ని అల్లుకునేవాళ్లు కూడా. మేత భూమి చాలావరకు ఊరుమ్మడిది.

తీరంలో ఇసుక దిబ్బలు ఊళ్ల మీదికి జరిగి వస్తుంటే, 1780ల్లో బ్రెమోంటియే అనే ఇంజనీరు పైన్ విత్తించి వాటిని కట్టడి చేసే పని పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు. లోపలి బయలు సంగతి షాంబ్రెలాన్ అనే ఇంకో ఇంజనీరు చూశాడు. బల్లపరుపుగా కనిపించే ఆ నేలకి చిన్న వాలు ఉందనీ, కాల్వలు లెక్క తప్పకుండా తవ్వితే నీళ్లు వాటంతటవే పోతాయనీ పట్టుకున్నాడు. 1849లో బోర్డో దగ్గర సెస్టాస్‌లో సొంతంగా భూమి కొని చేసి చూపించాడు. మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కడుతున్న ఏళ్లే అవి. సర్వేయింగ్ ల్యాబులో లెవెలింగ్ స్టాఫ్ పట్టుకుని ఆవలించే ప్రతివాడికీ ఈ కథ చెప్పాలి. అంత అడవీ ఆ చిన్న వాలు మీద నిలబడింది.

1857లో మూడో నెపోలియన్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. ప్రతి ఊరూ తన ఉమ్మడి భూమిలో నీళ్లు తోడించి చెట్లు నాటాలి. డబ్బుల్లేని ఊళ్లు భూమిలో కొంత అమ్ముకున్నాయి. కొన్నది డబ్బున్నవాళ్లు. తర్వాత నాలుగేళ్లకి అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి నుంచి పైన్ బంక రావడం ఆగిపోయింది, లాండ్ బంకకి రేటు ఎగిసింది. మన పత్తికి రేటు పెరిగింది కూడా ఆ యుద్ధం వల్లే. మొత్తానికి మేత పోయింది, గొర్రెలు తగ్గిపోయాయి. కోపంతో కొత్త తోటలకి నిప్పు పెట్టిన కాపరులూ ఉన్నారు. 1891లో డోర్నాన్ అనే ఆయన కర్రకాళ్ల మీద పారిస్ నుంచి మాస్కో దాకా నడిచి పేపర్లకెక్కాడు. రోజూ పనికి కట్టుకునే కాళ్లు అప్పటికే సర్కస్ ఫీటులోకి వచ్చేశాయి. ఇవాళ ఆ అడవిలో 90 శాతం పైగా ప్రైవేటు ఆస్తే.

ఇంతకీ ఆ అడవి వేయడం తప్పా అంటే, నేను అలా అనను. జ్వరాల చిత్తడి పోయింది, రోడ్లొచ్చాయి, కలప మీద, బంక మీద కొన్ని తరాలు బతికాయి. నా అభ్యంతరం ఒక్క మాట మీద. ఆ రోజుల్లో కాగితాల్లో ఆ బయలుని పనికిరాని భూమి అని రాశారు. గొర్రెలు మేస్తున్న, మనుషులు బతుకుతున్న భూమి! మన టెక్స్ట్ బుక్కుల్లో 'వేస్ట్ ల్యాండ్' అనే మాటని అండర్‌లైన్ చేసి బట్టీపడతాం కదా, అది ఎవరికి వేస్టో ఏ చాప్టర్లోనూ ఉండదు.

ఒకే జాతి చెట్టుని అంత మేర నాటితే వచ్చే కష్టాలు వేరే. 1949 ఆగస్టు మంటల్లో 82 మంది చనిపోయారు, 50 వేల హెక్టార్లు కాలిపోయింది. మనం సరదాగా తొక్కే కంకర దారుల్లో చాలావాటిని ఉంచుతున్నది ఫైరింజన్లు పోవడం కోసం. వాటి నిర్వహణకి అడవి యజమానులు హెక్టారు లెక్కన చందా కడతారు. వేసవిలో ప్రమాద స్థాయి పెరిగితే దారులు మూసేస్తారు, మన వీకెండ్ ప్లాను క్యాన్సిల్. కొందరు రైడర్లు దానికి గొణగడం విన్నాను. ఎవరి దారి మీద ఎవరు గొణుగుతున్నారో మరి.

నా వాదనకి అడ్డం పడే సంగతీ ఒకటుంది, దాచను. లా టెస్ట్ దగ్గర ఒక పాత అడవి ఉంది. ఎవరూ వరసల్లో నాటింది కాదు. ఇంటికీ పొయ్యికీ కావలసిన కలప అక్కడ ఊరివాళ్లు ఉచితంగా తెచ్చుకోవచ్చని 15వ శతాబ్దం నుంచీ హక్కుంది. ఊరి హక్కు మిగిలి ఉన్న అడవే క్షేమంగా ఉంటుందని చెప్పాలని నాకు మహా ఆశ. కానీ 2022 జూలైలో అదీ చాలా భాగం కాలిపోయింది. అదే వారంలో లాండిరాస్ వైపు వరసల తోట దానికంటే ఎక్కువ కాలింది. రెండూ కలిపి దాదాపు 20 వేల హెక్టార్లు. దారులు సరిగా లేకే పాత అడవి కాలిందని ఒక వర్గం, ఊరి హక్కుల్ని తీసెయ్యడానికి ఇదో సాకని ఇంకో వర్గం. ఆ వాదన వింటే ఇది మ్యూజియం కథ కాదని అర్థమవుతుంది.

"హాయిగా తొక్కక నీకెందుకురా ఇవన్నీ" అంటాడు మా రూమ్మేట్. హాయిగానే తొక్కాను. మియోస్ నుంచి బజాస్ దాకా పాత రైలు పట్టాల దారి సైకిళ్లకిచ్చేశారు, మధ్యలో ఓస్టెన్స్ దగ్గర చెరువులున్నాయి. అవి కూడా లిగ్నైట్ గనుల గుంతలే! సాబ్ర్ ఊళ్లో దిగి మార్కేజ్ మ్యూజియం చూస్తే, గొర్రెల రోజుల్లో ఇళ్లు ఎలా ఉండేవో తెలుస్తుంది. ఓక్ చెట్ల నీడలో, కంచెలు లేకుండా. అక్కడికి వెళ్లే ఛాన్సొస్తే ఈ రెండూ వదలకండి.

ఇక మన తీరం. సూర్యలంక పిక్నిక్ ఫొటోల్లో వెనకాల కనిపించేవి పైన్ చెట్లు కావు, సరుగుడు. సూదుల్లా ఉండేవి ఆకులు కావు, సన్నని రెమ్మలు. అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి. పందిరి రాటలకీ, సెంట్రింగుకీ, కాగితం మిల్లులకీ పోయే కర్ర. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత గాలికి అడ్డంగా తీరం వెంట చాలాచోట్ల నాటారు, అది మంచి కారణమే. కానీ అలల దాకా నాటేసిన చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లకి గుడ్లు పెట్టే ఇసుక తగ్గిపోతుంది. సరుగుడు రాకముందు ఆ ఇసుక మీద ఎవరి మేకలు మేసేవో, ఎవరు వలలు ఆరేసుకునేవాళ్లో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బాపట్ల, రేపల్లె వైపు వాళ్లు మన క్లబ్బులోనే నలుగురున్నారు. పండక్కి ఊరెళ్లినప్పుడు తాతయ్యల్నీ అమ్మమ్మల్నీ అడిగి, వచ్చే సంచికకి రాసివ్వండి.