తాడు వదలని చేయి

ఉగాదికి పది రోజుల ముందు నుంచే మా నల్లమల దారుల్లో కన్నడ మాటలు వినిపిస్తాయి. కర్ణాటక నుంచి వేలాది మంది భక్తులు శ్రీశైలానికి కాలినడకన వస్తారు. ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా కొండెక్కుతారు. వారిలో ముసలివాళ్లుంటారు, తండ్రి భుజాల మీద నిద్రపోయే చంటిపిల్లలుంటారు, కట్టెపుల్ల చేతిలో పట్టుకుని పెద్దవాళ్లకన్నా ముందు పరుగెత్తే పదేళ్ల పిల్లలుంటారు. దారి పొడవునా దాతలు నీళ్లు, మజ్జిగ, అన్నం పెడుతుంటారు.

నేను క్రైస్తవ బోధకుణ్ణి. వారి మొక్కు వేరు, నా విశ్వాసం వేరు. అయినా శ్రీశైలం ఆనకట్ట పక్కనే ఉన్న సున్నిపెంటలో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్న రోజుల్లో ఏటా ఆ నడకను చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. ఒకసారి అరికాళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని ఒక పాప రోడ్డు పక్కన కూర్చుని మజ్జిగ తాగుతోంది. నాకొచ్చిన కాస్త కన్నడంలో ‘కాళ్లు నొప్పిగా లేవా తల్లీ?’ అనడిగాను. నొప్పిగానే ఉన్నాయంది. మరి బస్సెక్కవచ్చు కదా అంటే, ఆ పాప నన్ను వింతగా చూసి, ‘మా నాన్న కూడా నడుస్తున్నాడు కదా!’ అంది. ఆ జవాబు నేనింతవరకూ మర్చిపోలేదు.

యేసుప్రభువు బాల్యం గురించి బైబిల్ మనకు చెప్పేది చాలా తక్కువ. పుట్టుక, శైశవ వృత్తాంతాల తర్వాత ఆయన బాల్యం నుంచి లూకా రాసిన సంఘటన ఒక్కటే. అదీ ఒక కాలినడక ప్రయాణమే (లూకా 2:41-52). పస్కా పండుగ కూడా ఇంచుమించు మన ఉగాది రోజుల్లోనే వస్తుంది. నజరేతు నుంచి యెరూషలేముకు వంద కిలోమీటర్లకు పైనే. పన్నెండేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకుని యోసేపు, మరియ ఆ దూరం నడిచారు. తిరుగు ప్రయాణంలో ఒక రోజంతా గడిచాక గానీ పిల్లవాడు తమ గుంపులో లేడని వారికి తెలియలేదు! బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఎక్కడో ఉంటాడులే అనుకున్నారు. వెనక్కి పరుగెత్తి, మూడు రోజులకు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడుగుతున్న ఆయనను కనుగొన్నారు. ఆ మూడు రోజులు ఆ తల్లి పడిన వేదనను లూకా దాచలేదు.

నేను వేదాంత కళాశాలలో చదువుకునేటప్పుడు ఈ భాగంలోని దైవకుమారత్వం గురించి ఎన్నో పేజీలు రాశాను. కానీ ఒక తండ్రినయ్యాక మాత్రమే నాకు మరో సంగతి కనిపించింది. ఆ రోజుల్లో తల్లిదండ్రులు పిల్లవాణ్ణి కొంగుకు కట్టేసుకుని నడవలేదు. ఊరంతా కలిసి నడిచే గుంపులో పిల్లవాడు ఎవరి చెంతనున్నా మనవాళ్ల చెంతనే ఉన్నట్టని నమ్మారు. ఆ నమ్మకం ఒకసారి తప్పింది, తల్లి గుండె తల్లడిల్లింది. అయినా ‘ఇక నిన్ను గుమ్మం దాటనివ్వం’ అని వారు అన్నట్టు సువార్తలో లేదు. ఆ బాలుడు వారికి లోబడి ఉన్నాడని, జ్ఞానంలోనూ వయసులోనూ దేవుని దయలోనూ మనుషుల దయలోనూ వర్ధిల్లాడని మాత్రం ఉంది. అక్కడ గ్రీకు మూలంలో వాడిన క్రియకు ముందుకు సాగడం అని అర్థం. పిల్లలు పెరగడమంటే ఒళ్లు పెరగడం మాత్రమే కాదు, ముందుకు సాగడం కూడా!

ఇదంతా ఇంత బాగా చెబుతున్న నేను నా సొంత కొడుకు విషయంలో ఏం చేశానో కూడా చెప్పాలి. లేకపోతే ఇది వేషధారణ అవుతుంది.

నాకు ఈత మా నాన్న నేర్పాడు. మా పల్లెలో ఒక పాత మోటబావి ఉండేది. ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే నా నడుముకు మోకు కట్టి బావిలోకి తోశాడు. నేను మునిగాను, నీళ్లు మింగాను, ఏడ్చాను. పైనుంచి ఆయన నవ్వుతూనే ఉన్నాడు, కానీ మోకు మాత్రం రెండు చుట్లు చేతికి చుట్టుకుని పట్టుకున్నాడు. పదో రోజుకు నాకు తెలియకుండానే మోకు వదులు చేశాడు. పదిహేనో రోజుకు మోకు లేకుండానే ఈదుతున్నాను.

నేను పరిచర్యలోకి వచ్చిన తొలి ఏళ్లలో, ఒక వేసవి సెలవుల్లో, మా సంఘంలోని పన్నెండేళ్ల బాలుడు స్నేహితులతో కాలువకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ సమాధి కార్యక్రమం నేనే జరిపించాను. మట్టి వేసే వేళ అతని తల్లి నా చేయి పట్టుకుని ఒక్కటే మాట పదేపదే అంది. ‘ఈత నేర్పియ్యమని అడిగినాడు అయ్యగారూ! నీళ్ల కాడికి పోతే కాళ్లిరగ్గొడతానన్నా. నాకు చెప్పకుండా పోయినాడు’ అని. ఆమె తప్పేం లేదు, భయపడిన ప్రతి తల్లీ అనే మాటే అది. ఆమెను ఓదార్చడానికి ఆ రోజు నా వద్ద మాటలు లేవు.

ఆ రోజు నేను నేర్చుకోవలసిన పాఠం ఆ తల్లి మాటల్లోనే ఉంది. కానీ భయం నా చెవులు మూసేసింది. ఇంటికి వచ్చి నా నాలుగేళ్ల కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీణ్ణి ఎప్పటికీ నీళ్ల దగ్గరకు పంపనని తీర్మానించుకున్నాను. చెట్టెక్కితే అరిచాను. సైకిలు వీధి చివర దాకానే అన్నాను. అదే ప్రేమ అనుకున్నాను, పైగా దాని కోసం ప్రార్థనలో దేవునికి కృతజ్ఞతలు కూడా చెప్పాను! ఇప్పుడు వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. క్రితం ఏడాది ఫోనులో మాటల మధ్య, ‘స్నేహితులందరం ఈతకొలనుకు వెళ్లాం నాన్నా. అందరూ దిగారు, నేను గట్టు మీద వాళ్ల బట్టలకు, ఫోన్లకు కాపలా కూర్చున్నాను’ అని నవ్వేశాడు. వాడి నవ్వు నాకు గుచ్చుకుంది. మా నాన్న నాకిచ్చినదాన్ని నేను నా కొడుక్కి ఇవ్వలేదు. నేను వాణ్ణి కాపాడలేదు, నా భయాన్ని కాపాడుకున్నాను.

నల్లమల చెంచుల్లో ఒక పాత కట్టుబాటు ఉందంటారు. కొండ అంచున పట్టిన తేనె తీయాలంటే మనిషి నారతో, తీగలతో పేనిన తాడు పట్టుకుని లోయలోకి దిగాలి. కింద ఊపిరాడని లోతు, చుట్టూ తేనెటీగలు. అప్పుడు పైన తాడుకు కాపలా ఎవరుండాలి? బావమరిది ఉండాలట! తన తోబుట్టువు తాళి తెగాలని ఏ అన్నదమ్ముడూ కోరుకోడు కనుక ఆ చేయి తాడు వదలదు. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి! లోయ ప్రమాదకరమని వారు తేనెను వదులుకోలేదు, తేనె తీపి అని తాడును మరవలేదు.

పిల్లల పెంపకమంతా ఇందులోనే ఉంది. ‘దిగవద్దు’ అనే తండ్రి పిల్లవాడికి తేనె లేకుండా చేస్తాడు. ‘నీ ఇష్టం, దిగు’ అని వెళ్లిపోయే తండ్రి పిల్లవాణ్ణే పోగొట్టుకుంటాడు. దేవుడు మనల్ని ఏర్పరచింది తాడు పట్టుకోవడానికి. మోషే తల్లి పసివాణ్ణి నైలు నది నీళ్లలో పెట్టింది, నిజమే. కానీ పెట్టెకు జిగటమన్ను, కీలు పూసి పెట్టింది, అక్క దూరంగా కాపలా నిలబడింది (నిర్గమ 2:3-4). అది సాహసం, అదే సమయంలో జాగ్రత్త కూడా. కీర్తనకారుడు పిల్లల్ని బలవంతుని చేతిలోని బాణాలతో పోల్చాడు (కీర్తన 127:4). చెంచుల చేతిలో బాణం చూసినవారికి ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. అమ్ములపొదిలోనే ఉండిపోయే బాణం భద్రంగానే ఉంటుంది, కానీ బాణాన్ని చేసింది అందుకు కాదు.

‘అయ్యగారూ, చెప్పడం తేలికే, పిల్లలకేమైనా అయితే?’ అని తల్లులు అడుగుతారు. అడగాలి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వారిలో పిల్లలు ఎందరో! అయితే ఆ సంస్థ చెప్పే మందు నీళ్లకు దూరంగా ఉంచడం ఒక్కటే కాదు, బడి వయసు పిల్లలకు ఈత, నీటి దగ్గర జాగ్రత్తలు నేర్పమని కూడా చెబుతోంది. మన దోర్నాల-శ్రీశైలం రోడ్డునే చూడండి. పులులుండే అడవి కనుక రాత్రిపూట వాహనాలను ఆపుతారు, పగలు వదులుతారు. అడవి ఉందని దారి మూసేయలేదు, దారి ఉందని గేటు తీసేయలేదు. ఇంట్లో కూడా అలాంటి గేట్లు కొన్ని ఉండాలి. పెద్దవాళ్లు లేకుండా నీళ్లలో దిగకూడదు. మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగకూడదు. ఎక్కడికి వెళ్లేదీ చెప్పి వెళ్లాలి. ఇవి చాలు. చెప్పి వెళ్తే తిట్టరన్న ధైర్యం పిల్లలకుంటేనే చెప్పి వెళ్తారు!

ఈ రోజుల్లో ఎండ తగలకుండా, దెబ్బ తగలకుండా పిల్లవాడి చేతికి ఫోనిచ్చి మూల కూర్చోబెట్టి, ‘మావాడు ఎక్కడికీ పోడండీ, బంగారం’ అని చెప్పుకుంటున్నాం. కానీ అది తాడు లేని లోయ. వాడు ఎంత లోతుకు దిగాడో పక్క గదిలో ఉన్న మనకు తెలియదు.

సాహసమంటే డబ్బు పెట్టి దూరదేశాలకు తీసుకెళ్లడం కాదు. మన రాయలసీమ ఎండాకాలమే పిల్లలకు ఒక పెద్ద బడి. ఎండిన ఊళ్లు అంటారు గానీ దేవుడు ఈ నేలకు ఎండాకాలంలోనే ఎన్ని తీపి వస్తువులిచ్చాడు! చింతచిగురు, ఉప్పుకారం అద్దిన పచ్చిమామిడి ముక్క, తాటిముంజలు, కర్బూజ, కొత్తకుండలో నీళ్లు, నన్నారి షర్బత్, రాగి అంబలి, కొంచెం ఆగితే బనగానపల్లె మామిడి. పిల్లవాణ్ణి చిగురు కోయనివ్వండి. చెట్టు మొదట మీరు నిలబడండి. పదేళ్ల పాపను పొయ్యి దగ్గర మీ పక్కన నిలబెట్టుకుని ఉగ్గాని చేయనివ్వండి. ఉప్పెక్కువైనా ఇంటిల్లిపాదీ తినండి. తెల్లవారుజామున చల్లపొద్దులో నాలుగు కిలోమీటర్లు నడిపించి, కట్ట మీద కూర్చోబెట్టి, తెచ్చుకున్న బొరుగులు తినండి. పునరుత్థానుడైన ప్రభువు తెల్లవారుజామున సరస్సు ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి, రొట్టెతో శిష్యులకు వడ్డించాడని యోహాను రాశాడు (యోహాను 21:9-13). మరణాన్ని గెలిచినవాడు తనవాళ్ల కోసం చేసిన పనుల్లో ఒకటి రోజూ తినే ఆహారాన్ని ప్రేమగా వండిపెట్టడం! ఈ చిన్న సంతోషాలను తక్కువగా చూడకండి.

మా సంఘంలో ఏటా మాదిరిగానే ఈ వేసవిలోనూ పిల్లలకు వి.బి.ఎస్. తరగతులుంటాయి. పాటలు, కథలు, వాక్యం కంఠస్థం అన్నీ ఉంటాయి. ఈసారి తండ్రులను ఒక్కటి అడిగాను. తరగతులు ముగిసేలోపు మీ నాన్న మీకు నేర్పిన ఒక పనిని మీ బిడ్డకు నేర్పి తీసుకురండి అని. ఈత కావచ్చు, సైకిలు కావచ్చు, తాడు పేనడం కావచ్చు. కొందరు తలదించుకున్నారు. నేనూ వారిలో ఒకణ్ణే.

అందుకే నా కొడుకుతో మాట్లాడాను. మే నెలలో సెలవు పెట్టి వస్తానన్నాడు. మా పల్లెలో ఆ మోటబావి పూడిపోయింది గానీ, తెలిసినవారి తోటలో ఒక బావి ఉంది. ముప్పయ్యేళ్లు రాబోతున్నవాడికి ఇప్పుడు ఈతేమిటని మా ఇంట్లో నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. బజారులో కొత్త మోకు కొన్నాను. చేతికి రెండు చుట్లు చుట్టుకుని చూసుకున్నాను. నా చేతిలో ఇంకా బలముంది, దేవునికి స్తోత్రం!