మా యింటి ముచ్చటలు: తిరుగు కడ్డీమీది చుంచెలుక

ఈ మాసమున ఊరుగాయల ప్రసంగము ముగింతుమని మాట యిచ్చియుంటిమి. అది చెల్లింపలేకపోయినందులకు మన్నింపవలెను. మా అత్తగారు నడురేయి మంచినీళ్లకై లేచి, గడప తట్టుకొని పడి, మణికట్టు విఱుగగొట్టుకొనిరి. డెబ్బది రెండేండ్ల వయసున, మొన్నటి వానకారున సైతము పొలముగట్లమీద కాలు జాఱక నడచిన మనిషి, తన యింటి గడప దాటలేకపోవుట యేమని మేము విస్తుపోతిమి.

దిష్టి తగిలినదని కొందఱు, చూపు మందగించినదని కొందఱు అనిరి. వరంగల్లులో ఔషధశాస్త్రమున పై పట్టమునకు చదువుచున్న మా బావగారి కూతురు రైలు దిగి వచ్చినది. వచ్చినదే బాపమ్మ తలగడక్రింది మాత్రలు తీసి చూచి, “చిన్నమ్మా! ఇవి యెన్నాళ్లనుండి వేసికొనుచున్నది?” అని యడిగెను. మేము తల వంచుకొంటిమి. నిరుడు నిద్రపట్టక బాధపడుచుండగా వైద్యుడొకరు పది దినములకు వ్రాసియిచ్చినవి. ఆ పాత చీటీనే పంపి మఱల మఱల తెప్పించిన పాపము మాదే.

ఆ మాత్ర పేరు డయజెపామ్. 1963లో అమెరికాలో విక్రయమునకు వచ్చినది. దిగులు తగ్గించును, కండరములను సడలించును, నిద్ర తెచ్చును. ఇట్టి మందు కాలి నిలుకడను హరించునో లేదో తెలిసికొనుటకు ప్రయోగశాలలలో ఒక యంత్రము కలదట. దానిని రోటారాడ్ అందురు. 1957లో డన్‌హామ్, మియా అను నిరువురు దానినిగూర్చి ప్రకటించిరి.

యంత్రమనగా పెద్ద వింతయేమియు లేదు. అడ్డముగ నమర్చిన యొక కడ్డీ, దానిని త్రిప్పు మోటారు. చుంచెలుకలకైనచో కడ్డీ మందము సుమారు 3 సెంటీమీటర్లు, మన అప్పడాల కఱ్ఱవంటిదనుకొనుడు. పెద్ద యెలుకలకు 7 సెంటీమీటర్లు. కాలు జాఱకుండ దానిపై గాట్లుండును. నడుమ నడుమ గుండ్రని బిళ్లలు అడ్డముంచి గదులుగ విభజింతురు. ఒకదానిని చూచి యొకటి బెదరదు. కడ్డీ తిరుగుచుండ, చుంచెలుక పడకుండుటకై ఎదురు నడచుచుండవలెను. పడినతోడనే క్రింది పలక కదలి గడియారము నిలిచిపోవును. ఎన్ని క్షణములు నిలిచినదో అదియే లెక్క. మొదట నొకే వేగమున త్రిప్పెడివారు. 1968లో జోన్స్, రాబర్ట్స్ అనువారు వేగము క్రమముగ హెచ్చు పద్ధతిని తెచ్చిరి. ఇప్పుడు సాధారణముగ నిమిషమునకు 4 చుట్లతో మొదలిడి, 5 నిమిషములలో 40 చుట్లకు పెంచుదురు. మా చిన్నతనమున సంతలో తాటిమీద నడచినవారిని చూచి చప్పట్లు కొట్టితిమి. వారి తాడు తిరుగలేదు గదా!

మావారు పంతులు. ఊరకుందురా? “ఎలుకకు విసుగు పుట్టి దుమికినచో? అది మందు దోషమని యెట్లు నిర్ణయింతురు?” అని ప్రశ్నించిరి. పిల్ల నవ్వి, నిజమే, కొన్ని కావలెననియే దుముకును, కొన్ని నడువక కడ్డీని కఱచుకొని జాతరలో రంగులరాట్నమువలె దానితో తిరిగివచ్చును, బరువైనవి తొందరగ పడును అని చెప్పెను. అందుచేత ముందు కొన్నినాళ్లు వానికి అభ్యాసము చేయింతురు. మందు లేని ఉప్పునీరు మాత్రమే యెక్కించిన మఱియొక జట్టును ప్రక్కనుంచుదురు. పలుమాఱులు పరీక్షించి రెండు జట్టులను సరిపోల్చిన పిమ్మటనే మాట చెప్పుదురు.

అందులో మా గుండెకు తగిలిన సంగతి యొకటి. చుంచెలుకను నిద్రపుచ్చుటకు చాలనంత కొంచెము మందు సైతము దానిని కడ్డీమీదనుండి పడవేయగలదు. చూచువారికది మెలకువగనే యుండును, తిరుగుచుండును. కాని కాళ్లు మాత్రము మాట వినవు. మా అత్తగారు ఆ రాత్రి మెలకువతోనే లేచిరి. పైగా ఈ మందు శరీరమున చిరకాలము నిలుచునది, ముదుసలులయందు మఱింత. జలుబునకు వేసికొను కొన్ని పాత మాత్రలును మత్తు కలిగించునవే.

వినాయకుని వాహనమునకు ఇట్టి కష్టమా యని మాకు జాలి కలిగినమాట నిజము. బియ్యపు గదిలో ఎలుకబోను పెట్టుకొన్న మాకు ఆ జాలి శోభింపదనుటయు నిజమే. 1960 నాటి జంతుహింసానివారణ చట్టము ఇట్టి ప్రయోగములకు కట్టుబాట్లు విధించినది. ఔషధశాస్త్రమున మొదటి పట్టమునకు చదువువారికి ఇప్పుడు కంప్యూటరు తెరమీదనే వీనిని చూపుచున్నారట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు తెల్లయెలుకలకు ఋణపడినదే. అది 1918లో కూనూరున మెకారిసన్ దొరగారి బెరిబెరి పరిశోధనతో పుట్టి, 1958లో ఇచ్చటికి తరలివచ్చినది. మిక్కిలి పాలిషు పట్టిన బియ్యమే ఆహారమైనవారి కాళ్లను చచ్చుపఱచిన వ్యాధి బెరిబెరి. మా పెద్దపల్లి, సుల్తానాబాదు మరలలోని మల్లెపూవువంటి బియ్యమును చూచినపుడెల్ల మాకీ సంగతి స్ఫురించును.

మఱునాడు వైద్యునియొద్దకు పోతిమి. ఇన్నాళ్లు వేసికొన్న మాత్రను ఒక్కసారిగ మానిన ప్రమాదమనియు, కొంచెము కొంచెముగ తగ్గింపవలెననియు ఆయన చెప్పి, అట్లే వ్రాసియిచ్చిరి. మంచముప్రక్కనే నీళ్లచెంబు, చిన్నదీపము ఉంచితిమి. గడపకు తెల్లని సున్నము పూసితిమి.

అత్తగారు కట్టు కట్టిన చేయి ఒడిలో నుంచుకొని యీ కథయంతయు ఆలకించిరి. తుదకు మనుమరాలిని ఒక్కటే యడిగిరి: “అమ్మాయీ! ఆ చుంచు పడిన చోటు ఎంత లోతు?”

“జానెడే, బాపమ్మా.”

“నయమే” యని ఆమె అటు తిరిగి పరుండిరి.