యుగాంతం ఈ వారం కూడా వాయిదా!

2032 డిసెంబర్ 22, బుధవారం. ఆ రోజు మీకు పెళ్లి ముహూర్తమో, గృహప్రవేశమో, బండి ఆఖరి ఈఎంఐయో ఉంటే నిశ్చింతగా ఉంచేసుకోండి. భూమి ఉంటుంది. కాబట్టి ఈఎంఐ కట్టక తప్పదు.

ఈ డేట్ ఎక్కడో విన్నట్టుందా? 2025 ఫిబ్రవరిలో యూట్యూబ్ తెరిస్తే చాలు, ఇదే గోల. ఎర్ర బాణం, మంటల్లో భూగోళం, నోరెళ్లబెట్టిన యాంకరు, పక్కన ‘కౌంట్‌డౌన్ మొదలైంది’ అని పెద్ద పసుపు అక్షరాలు. దీనంతటికీ కారణం ఒక రాయి. పేరు 2024 వైఆర్4. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ కంట్లో పడింది. సైజు 40 నుంచి 90 మీటర్ల మధ్య ఉండొచ్చని అంచనా. మనల్ని గుద్దే ఛాన్స్ మొదట ఒక శాతం అన్నారు, తర్వాత రెండు దాటింది, ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతం అయింది. పడితే ఎక్కడ పడొచ్చో గీసిన గీత ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా వచ్చేసరికి, మన థంబ్‌నెయిళ్లకు పుష్కరాలు వచ్చినంత సందడి.

వారం తిరక్కుండానే అది 0.004 శాతానికి పడిపోయింది. అప్పుడైనా ఊరుకున్నారా? ‘పెను గండం తప్పింది’ అని ఇంకో వీడియో! ఆ తర్వాత ‘చంద్రుడికి మూడింది’ అని మరోటి. గండం వచ్చినా వ్యూసే, తప్పినా వ్యూసే. ఇంత సేఫ్ బిజినెస్ కిరాణా కొట్టుకి కూడా లేదు.

అసలు ఆ 3.1 శాతమే నిజమైందనుకోండి... అప్పుడు కూడా యుగాంతం కాదు! ఆ సైజు రాయి ఒక నగరం మీద పడితే ఆ నగరానికి ఘోరమే, అందులో డౌట్ లేదు. 1908లో సైబీరియాలోని టుంగుస్కా దగ్గర ఇలాంటిదే గాల్లో పేలి రెండు వేల చదరపు కిలోమీటర్ల అడవిని నేలకి పడుకోబెట్టింది. కానీ భూగోళం మాత్రం మర్నాడు మామూలుగానే డ్యూటీకి వచ్చింది. అంటే ‘భూమి అంతం’ అన్న హెడ్డింగ్ శాతం ఎంతున్నా అబద్ధమే.

మరి శాతం ముందు పెరిగి, తర్వాత ఢామ్మని ఎందుకు పడిపోయింది? ఇది చాలామందికి అనుమానంగా ఉంటుంది. ‘ఏదో దాస్తున్నారు బ్రో’ అని కామెంట్ పెట్టేది ఇక్కడే. మన కోస్తావాళ్లకైతే ఇది చిటికెలో అర్థమవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పుడుతుంది. మొదటిరోజు మ్యాప్‌లో చెన్నై నుంచి పారాదీప్ దాకా ఎక్కడైనా తీరం దాటొచ్చంటారు. అంత పొడుగు తీరంలో విశాఖ వాటా కొంచెమే. రెండో రోజుకి చెన్నై తప్పుకుంటుంది, నెల్లూరు తప్పుకుంటుంది. గీత ఇరుకవుతుంది, అందులో విశాఖ ఇంకా ఉంది కాబట్టి విశాఖ ఛాన్స్ పెరుగుతుంది. మూడో రోజు తుపాను గోపాలపూర్ వైపు తిరిగి ఒడిశాకి పోతుంది. విశాఖ ఛాన్స్ సున్నా. తుపాను మనసు మార్చుకోలేదు, మనకు లెక్క తేలిందంతే. ఆకాశంలో రాయి సంగతీ అదే. కొత్త ఫొటోలు వచ్చేకొద్దీ అది వెళ్లే దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులో భూమి ఇంకా ఉన్నన్నాళ్లూ శాతం పెరుగుతుంది. భూమి అంచు దాటి బయటికి వచ్చిన మరుక్షణం ఢమాల్. అంటే పెరుగుతున్న శాతం చూసి వణకాల్సిన పనిలేదు, ఎక్కువసార్లు అది తగ్గబోయే ముందు వేషమే. కానీ ‘లెక్క ఇంకా తేలలేదు’ అని థంబ్‌నెయిల్ పెడితే ఎవడు నొక్కుతాడు?

ఇక ఈ హెడ్డింగుల భాష. ఇంగ్లిషువాళ్లకి తప్పించుకోడానికి ‘మే’, ‘కుడ్’, చివర్లో క్వశ్చన్ మార్కు... ఇంత సరంజామా కావాలి. మనకి ఒక్క దీర్ఘం చాలు. ‘భూమికి ఇదే అంతం’ అని రాస్తే రేపు ఎవరైనా నిలదీస్తారు. ‘భూమికి ఇదే అంతమా?’ అని సాగదీస్తే, ‘మేం అన్నామా, అడిగాం అంతే’ అనొచ్చు. వెయ్యేళ్ల నుంచి కవులు పెంచుకొచ్చిన భాష ఇది... చివరికి ఆ దీర్ఘం లాయర్ పనిచేస్తోంది.

‘ప్రమాదకర గ్రహశకలం’ అనే మాట ఇంకోటి. సైన్సులో దానికి ఒక లెక్క ఉంది. సైజు సుమారు 140 మీటర్లు దాటాలి, దాని దారి భూమి దారికి 75 లక్షల కిలోమీటర్ల లోపు రావాలి. అంతే, ఆ లిస్టులో చేరుతుంది. అది రౌడీషీట్ లాంటిది. పేరు ఎక్కింది కాబట్టి పోలీసులు కన్నేసి ఉంచుతారు. అంతమాత్రాన వాడు ఈ రాత్రి కత్తి పట్టుకుని మీ ఇంటికే వస్తున్నాడని కాదు. పైగా 75 లక్షల కిలోమీటర్లంటే ఎంత? చంద్రుడి దూరానికి దాదాపు ఇరవై రెట్లు. చంద్రుడు మీ పక్కింట్లో ఉన్నాడనుకుంటే, ఈ రాయి ఇరవయ్యో ఇంటి ముందు నుంచి సైకిల్ తొక్కుకుంటూ పోయింది. ‘మనల్ని రాసుకుంటూ దూసుకెళ్లిన రాకాసి’ అని మనం రాసుకున్నాం. స్పీడు గురించి కూడా భయపెడతారు, గంటకు ఇన్ని వేల కిలోమీటర్లని. మీరు మంచం మీద పడుకుని రీల్స్ చూస్తున్నప్పుడు కూడా ఈ భూమితోపాటు సూర్యుడి చుట్టూ గంటకు లక్ష కిలోమీటర్ల పైచిలుకు స్పీడులో పోతున్నారు. ఎప్పుడైనా హెల్మెట్ పెట్టుకున్నారా?

ఈ జబ్బు స్మార్ట్‌ఫోన్‌తో వచ్చిందేం కాదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో సైనోజెన్ అనే విష వాయువు ఉందని తేలింది. మేలో భూమి ఆ తోకలోంచి వెళ్తుందని కూడా తెలుసు. రెండూ కలిపి పత్రికలు వండేశాయి. అమెరికాలో ‘తోకచుక్క మాత్రలు’ అమ్మి డబ్బు చేసుకున్నారు. జనం కొన్నారు, మింగారు, బతికారు. మాత్రలు పనిచేశాయన్నట్టే కదా! (తోక ఎంత పల్చనిదంటే, మాత్ర వేసుకోనివాళ్లు కూడా బతికారు.) 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వచ్చింది. మకరరాశిలో ఎనిమిది గ్రహాలు చేరాయని దేశమంతా పూజలు, యజ్ఞాలు.

కానీ మనవాళ్ల అసలు సిసలు యుగాంతం 1979 జులైది. స్కైలాబ్. నాసా పంపిన అంతరిక్ష కేంద్రం, దాదాపు 77 టన్నుల బరువు. సూర్యుడి వేడి అనుకున్నదానికంటే ఎక్కువై పైనున్న గాలి పొర ఉబ్బింది, ఆ రాపిడికి స్కైలాబ్ ముందుగానే కిందికి జారిపోవడం మొదలెట్టింది. ఎక్కడ పడుతుందో నాసాకే సరిగ్గా తెలీదు. రేడియోలో ఆ ముక్క వినగానే మన ఊళ్లలో ఏం జరిగిందో మీ తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి, నాకంటే బాగా చెప్తారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నవాళ్లు, ఉన్నది అమ్మేసినవాళ్లు, గుళ్లో జాగారం చేసినవాళ్లు... ఊరికో కథ. ఆ గోల మీద 2021లో ‘స్కైలాబ్’ అని సినిమానే వచ్చింది. తీరా అది పడింది హిందూ మహాసముద్రంలో, కొన్ని ముక్కలు ఆస్ట్రేలియాలోని ఎస్పెరన్స్ ఊరి చుట్టుపక్కల. అక్కడివాళ్లు ఏం చేశారో తెలుసా? మా ఊళ్లో చెత్త వేశారని నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు! 17 ఏళ్ల కుర్రాడొకడు తన ఇంటి దగ్గర పడిన ముక్కలు తీసుకుని విమానమెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, ఒక పత్రిక ప్రకటించిన పదివేల డాలర్ల బహుమతి కొట్టేశాడు. నిజంగా నెత్తిన పడినవాళ్లు రసీదు రాశారు, పడనివాళ్లం మేకలు కోశాం.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2008 సెప్టెంబర్ గురించి నవ్వలేం. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో నేల కింద 27 కిలోమీటర్ల సొరంగంలో లార్జ్ హ్యాడ్రాన్ కొలైడర్ మొదలవుతోంది. అందులో బ్లాక్‌హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని మన న్యూస్ చానళ్లు రోజుల తరబడి ఊదరగొట్టాయి. మధ్యప్రదేశ్‌లో 16 ఏళ్ల అమ్మాయి ప్రాణం తీసుకుంది. టీవీలో ఆ ప్రోగ్రాములు చూసి భయపడిపోయిందని వాళ్ల నాన్న విలేకరులకి చెప్పాడు. సెప్టెంబర్ 10న ఆ మెషీన్‌లో జరిగిందేంటంటే, ప్రోటాన్ల ప్రవాహాన్ని ఒక రౌండు తిప్పి చూశారు. ఢీకొట్టించడం ఆ రోజు ప్లాన్‌లోనే లేదు. తొమ్మిది రోజులకి అది రిపేరుకొచ్చి మూలన కూర్చుంది, మొదటి ఢీ 2009 నవంబర్‌లో గానీ జరగలేదు. పైగా అంతకంటే ఎక్కువ శక్తితో కాస్మిక్ కిరణాలు కోట్ల ఏళ్లుగా మన గాలిని గుద్దుతూనే ఉన్నాయి. ఈ మూడు వాక్యాలు స్క్రీన్ కింద స్క్రోలింగ్‌లో వేయడానికి పది సెకన్లు చాలు. వేయలేదు. ‘సరదాకి పెట్టాం, జనం సీరియస్‌గా తీసుకుంటారా’ అనేవాళ్లు ఎవరైనా కనిపిస్తే ఆ అమ్మాయి సంగతి చెప్పండి.

2012 డిసెంబర్ 21 మీలో చాలామందికి స్కూల్ జ్ఞాపకం. మాయన్ క్యాలెండర్ అయిపోయిందట, కాబట్టి ప్రపంచం అయిపోతుందట. ఆ భయం ఎంత ముదిరిందంటే, ‘ప్రపంచం నిన్న ఎందుకు అంతం కాలేదు’ అనే వీడియోని నాసా పది రోజుల ముందే విడుదల చేసింది. క్యాలెండర్ అయిపోవడం మనకి కొత్తా? ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే అరవై ఏళ్ల చక్రం మనకుంది. 1987లో అక్షయ అయిపోయింది. ఎవరైనా గుండెలు బాదుకున్నారా? ఉగాది పచ్చడి తిని, కొత్త పంచాంగం కొనుక్కుని, మళ్లీ ప్రభవ నుంచి మొదలెట్టారు. 2047లో మళ్లీ అయిపోతుంది. అప్పటి థంబ్‌నెయిల్ ఎలా ఉంటుందో ఇప్పుడే ఊహించుకోవచ్చు. పక్కన బ్రహ్మంగారి ఫొటో గ్యారంటీ. పాపం ఆయన్ని ఎంత వాడేస్తున్నారంటే, ఏం జరిగినా ‘అప్పుడే చెప్పారు’ అంటారు, కానీ జరగకముందు ఒక్క యూట్యూబరూ చెప్పడు.

ఇంకో ఫేవరెట్, ‘ఆర్ద్ర నక్షత్రం పేలబోతోంది’. ఇంగ్లిషులో బెటెల్‌గ్యూజ్. 2019 చివర్లో అది కాస్త మసకబారింది, అడ్డంగా ధూళి మబ్బు వచ్చిందని తర్వాత తేలింది. ఎప్పటికైనా పేలేదే, శాస్త్రవేత్తలు త్వరలో అనే అన్నారు. కాకపోతే వాళ్ల ‘త్వరలో’ అంటే రేపో, మరో లక్ష ఏళ్లకో. ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం కోచింగ్ సెంటర్లలో కూర్చున్నవాళ్లకి ఆ ‘త్వరలో’ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఈ గోలలో నాకు గుర్తుండిపోయేది మాత్రం 2004 డిసెంబర్. అపోఫిస్ అనే గ్రహశకలం ఆ ఏడాదే దొరికింది. 2029 ఏప్రిల్ 13న భూమిని గుద్దే అవకాశం లెక్కేస్తుంటే పెరిగి పెరిగి డిసెంబర్ 27కి 2.7 శాతానికి చేరింది. ఖగోళ శాస్త్రవేత్తలు పాతికేళ్ల తర్వాతి ముప్పును దశాంశాల్లో లెక్కకడుతున్నారు. సరిగ్గా దానికి ఒక రోజు ముందు, 26న ఉదయం, సముద్రం లేచింది. సునామీ. మన దేశంలోనే పదివేల మందికి పైగా పోయారు, మన కోస్తాలోనూ పోయారు. వాళ్లకి ఒక్క హెచ్చరిక రాలేదు, ఎందుకంటే మనకు అప్పటికి సునామీ హెచ్చరిక కేంద్రమే లేదు. 2007లో వచ్చింది, మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో. అక్కడి నుంచి వచ్చే బులెటిన్లలో మంటలుండవు, బాణాలుండవు. టైము, చోటు, అల ఎత్తు... చప్పగా ఉంటాయి. రోజుకి మూడు యుగాంతాలు స్వైప్ చేసే బొటనవేలు దాని దగ్గర ఆగుతుందా అన్నదే నా భయం.

అపోఫిస్ మాటేమైందంటారా? ఆ డిసెంబర్ 27నే పాత ఫొటోల్లో దాని జాడ దొరికింది, 2029 ముప్పు లేదని తేలిపోయింది. 2021లో రాడార్‌తో చూసి ఇంకో వందేళ్ల దాకా కూడా భయం లేదన్నారు. గుద్దదు గానీ దగ్గరగా వస్తుంది, ఈసారి నిజంగానే దగ్గర. దాదాపు 32 వేల కిలోమీటర్లు. మన టీవీ శాటిలైట్లు తిరిగే ఎత్తు కంటే కింద నుంచి వెళ్తుంది. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్లకి మామూలు కంటికే చుక్కలా కనిపిస్తుంది. అంత పెద్ద రాయి అంత దగ్గరగా రావడం అరుదు, సైన్స్ వాళ్లకది పండగే.

థంబ్‌నెయిల్ వాళ్లకీ పండగే అనుకోండి. ఎందుకంటే అది ఏప్రిల్ 13, పైగా శుక్రవారం. ‘ఫ్రైడే ద థర్టీన్త్’ వీడియోలు ఇప్పటికే వండి ఫ్రిజ్‌లో పెట్టుంటారు. కాకపోతే ఆ రాయి అన్నిటికంటే దగ్గరికొచ్చేది మన టైము ప్రకారం తెల్లవారుజామున మూడుంబావుకి. అంటే అప్పటికి మనకు శనివారం, ఏప్రిల్ 14. అంబేడ్కర్ జయంతి, ఎలాగూ సెలవే. పడుకోండి.