ఇంటి ముచ్చటలు: పసుపుకుంకుమ చేనును, రెండు కారులును

ఆవకాయ జాడీలను గూర్చి ఈ మాసమున వ్రాయుదునని మాట యిచ్చి యుంటిని. నిలుపుకొనలేక పోతిని, మన్నింపుడు. కారులను గూర్చి వ్రాయవలసి వచ్చినది. బడిపంతులు భార్యకు కారుల గొడవ యేల యని మీరు నవ్వుదురు. మావారికొక మోటారు సైకిలును, నాకు బస్సును గలవు. అంతకు మించి మాకు వాహనయోగము లేదు. కాని కారు కొనుటకై అమ్మదలచిన చేను మా పినతల్లి కూతురిది. పెండ్లినాడు పసుపుకుంకుమ క్రింద మా పినతండ్రి వ్రాసియిచ్చిన అరయెకరము. కావున ముచ్చట మన యింటిదే.

మా చెల్లెలి కాపురము బెజవాడ సింగునగరమున. ఆమె పెనిమిటి కైకలూరు ప్రక్కన చెరువులు కౌలుకు పట్టి రొయ్యలు పెంచును. 2024 ఆగస్టు 31న కురిసిన కుండపోత మీకు జ్ఞాపక ముండియే యుండును. మా ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియు బుడమేరు మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడి, ఆ నీరు సింగునగరము మీద బడినది. సెప్టెంబరు 2న ప్రకాశము బరాజు నుండి సెకండునకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల నీరు దిగువకు పోయినది. కృష్ణయే అట్లు నిండియుండగా బుడమేరు పోవుట కెక్కడ చోటు? వారి పాతకారు సీట్ల దాక మునిగినది. నీరు తీసిన పిమ్మట మరిది ఆత్రము పట్టలేక మీట నొక్కెను. ఇంజను గాలిని పీల్చి నలిపి పనిచేయునది. గాలికి మారు నీరు చేరినచో నీరు నలుగదు, లోని కడ్డీలే వంగిపోవును. భీమావారు తడిసిన సీట్లకును తీగలకును సొమ్ము నిచ్చిరి గాని, ఇంజను రక్షణకు వేరుగ రుసుము కట్టలేదు గనుక దాని ఖర్చు ఇయ్యజాలమనిరి. ఆ రుసుము సంగతి యింట నెవరికిని తెలియదు. కాగితము బీరువాలోనే యున్నది, చదివినవారే లేరు.

2025 ఆషాఢమున పాతకారులు రెండు బేరమునకు వచ్చినవి. ఒకటి ఆడి ఎస్5, రెండవది బి.ఎం.డబ్ల్యూ. ఎం340ఐ. రెండును మన దేశమున 2021 మార్చిలోనే అమ్మకమునకు వచ్చినవి. క్రొత్తవిగా నున్నప్పటి షోరూము ధర మొదటిదానికి 79 లక్షల పైచిలుకు, రెండవదానికి 62 లక్షల 90 వేలు. ఇంత భేద మేల యని నేనడుగగా మరిది చెప్పలేకపోయెను. విచారించి నేనే తెలిసికొంటిని. మొదటిది విదేశమున సంపూర్ణముగ తయారై ఓడ దిగినది. రెండవది భాగములుగ వచ్చి చెన్నపట్టణము చేరువ కూర్పబడినది. తయారై వచ్చు బండిపై దిగుమతి సుంకము మిక్కుటము. హెచ్చు ధరలో కొంతపాలు పనితనమునకు గాక సుంకమునకే పోయినదన్నమాట. పోనీ వేగమందైన ఖరీదైనది మిన్నయా? గంటకు 100 కిలోమీటర్ల వేగ మందుకొనుటకు దానికి 4.8 సెకండ్లు, చౌకదానికి 4.4.

నలోపాఖ్యానమున బాహుకుడు తెచ్చిన బక్కగుఱ్ఱములను జూచి ఋతుపర్ణుడు శంకించెను గదా! తీరా తన ఉత్తరీయము జారి రథ మాపుమనునంతలో యోజనము దాటిపోయినది. గుఱ్ఱము గుణము ధరను బట్టి రాదు. కాని ఋతుపర్ణునకు ఒక్కనాటిలో విదర్భ చేరవలసిన తొందర కలదు. మా మరిదికి కైకలూరిలో ఏ స్వయంవరమును లేదు.

“వదినగారూ! రెండింటికిని నాలుగు చక్రములకు ఇంజను బలము చేరును. వానలో దీనికి తిరుగు లేదు” అని యతని వాదము. సామాన్యపు కారునందు ఆ బలము రెండు చక్రములకే పోవును. తడినేలపై అవి జారినచో బండి నిలిచిపోవును. నాలుగును త్రిప్పునట్టి కారును ఆడి వారు 1980లో జెనీవా ప్రదర్శనమున చూపిరి. మంచుదేశములవారికి అది గొప్ప మేలు. కర్ణుని రథమునకు అట్టి యేర్పాటున్నచో యుద్ధ మెట్లు ముగిసెడిదో యని నాకొక కొంటె తలపు కలిగినది. అయినను బండిని కదల్చుటకే గాని ఆపుటకు ఆ బలము తోడ్పడదు. బ్రేకులు ఏ కారునకైనను నాలుగు చక్రములకు నుండునవే. నల్లరేగడి చెరువుగట్టు మీదికి ఈ కారులు పోజాలవు. వీని యడుగు నేలకు జానెడెత్తున లేదు. ఇక వరదయందు, ఇంజను గాలి పీల్చు గొట్టము మునిగిన పిమ్మట చక్రములు రెండు త్రిప్పిన నేమి, నాలుగు త్రిప్పిన నేమి?

మగవారు చూడని దొకటి నేను కూర్చుండి చూచితిని. ముందునుండి వెనుక చక్రములకు బలమును చేర్చు ఇరుసు బండి నడుమగ పోవును. దానిని కప్పుటకు వెనుకసీటు ముందర నేల గట్టువలె ఉబ్బియుండును. నడుమ కూర్చున్నవారు దానికి చెరియొక ప్రక్క కాలు వేయవలెను. మన యిండ్లలో నడుమ కూర్చుండున దెవరు? పిల్లలకును పెద్దలకును కిటికీ విడిచిన కోడలే గదా! మోకాళ్ల నొప్పులు గల మా చెల్లెలి అత్తగారు ఆ పల్లపుసీటు నుండి లేచుటకు ఇద్దరి చేతులు పట్టుకొనవలసి వచ్చినది.

నే నిట్లంటిని: “మరిదిగారూ! రెంటిలో కొనవలసినచో చౌకదానినే కొనుడు. హెచ్చు సొమ్మిచ్చి తక్కువ వేగము కొనుట తెలివి కాదు. కాని అది మీ సొమ్ముతో కొనుడు.” భార్య ధనమును భర్త వాడుకొని మరల తీర్చ నక్కరలేని సందర్భములు యాజ్ఞవల్క్యుడు చెప్పినవి కఱవు, ధర్మకార్యము, రోగము, నిర్బంధము మాత్రమే. కారు అందులో లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారమును ఆ చేనుపై సంపూర్ణాధికారము ఆమెదే. అతడు చిన్నబుచ్చుకొనెను. మావారు దినపత్రిక చాటున దాగిరి.

అప్పుడు మా చెల్లెలు తాళము చేత బట్టుకొని లేచినది. ఆమె కారు నడుప నేర్చి, అనుమతిపత్రము పొంది ఏడేండ్లయినది. ఇంట నెవరును ఆమె చేతికి బండి నిచ్చి యెరుగరు. కారులలో నొకదానిని ఎక్కినది, ఏదియో చెప్పను. జగదల్‌పూరు రోడ్డు హైదరాబాదు రోడ్డును కలియు మా రింగు దాటి, పవిత్ర సంగమము ఘాట్టు దాక నడిపినది. ముందు అత్తగారు. వెనుక నేనును, కారు తెచ్చిన దలాలియును, మా నడుమ ఆ గట్టునకు చెరియొక ప్రక్క కాలు వేసి మరిదియును. దిగి, చీరకుచ్చెళ్లు సవరించుకొని, “అక్కా! కారు బాగున్నది. చేను మాత్రము అమ్మను” అన్నది. ఆ రాత్రి వా రిరువురును మాటలాడుకొనలేదట.

ఆగస్టు 27 నుండి అమెరికా ప్రభుత్వము మన సరకులపై సుంకమును 50 శాతము చేయగా రొయ్యల బేరగాండ్రు ధర తగ్గించిరి. కౌలు బాకీ కొంత నిలిచినది. మరిది కారుమాట మరల ఎత్తలేదు. చేను కౌలుసొమ్మును మా చెల్లెలు తన పేరనే బ్యాంకులో వేసికొన్నది. తరువాత నొకనాడు భీమావారికి ఫోను చేసి ఇంజను రక్షణకు రుసుమెంత యని యడిగినదట. ఏ కారున కమ్మా యని వారడుగగా, ఇంకను కొనలేదని చెప్పినదట.

ఆవకాయ జాడీల సంగతి వచ్చు మాసమున.