ఖాళీ జాగా ఎవరిది?

మా మరిపెడ చుట్టూ ఉన్న తండాల్లో ఏడాదికొకసారి ఒక కాగితం తయారవుతుంది. దాని పేరు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. చూశామని చెప్పేవాళ్లు తండాలో దొరకరు. దాని కింద వేలిముద్రలు మాత్రం మనవే.

2018 ఆగస్టులో తండాలు పంచాయతీలైనప్పుడు మేమూ మురిశాం. ‘మా తండాలో మా రాజ్యం’ అన్నాం. బోర్డు వచ్చింది, సర్పంచి వచ్చాడు, కార్యదర్శి వచ్చాడు. భూమి మీద మాట మాత్రం మండలాఫీసులోనే ఉండిపోయింది. 2019లో పల్లెప్రగతి అని ప్రతి పంచాయతీకీ వైకుంఠధామం, డంపింగ్ యార్డు, నర్సరీ, ఆ తర్వాత ప్రకృతి వనం కావాలన్నారు. వద్దని మేమనం. చచ్చినవాళ్లకు చోటు కావాల్సిందే. ఆ చోటు ఏదో ఎవరు చెప్పాలి? మాకు తెలిసిన ఒక తండాలో పశువులు మేసే బంచరాయినే కొలిచి కంచె వేశారు. కాగితంలో అది ఖాళీ జాగా. మేకలు కాసే ముసలమ్మకు అది మేత, పొయ్యిలో కట్టె, కుంటకు పోయే బాట.

1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభకు కొంత బలమిచ్చింది. మైదానంలో ఉన్న మన తండాలకు అదీ లేదు. అయినా చేతిలో ఏమీ లేదనడం సాకు. రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టమే చెప్తోంది. పత్తి ఏరే రోజు పొద్దున పదకొండింటికి సభ పెడితే ఎవరొస్తారు? సాయంత్రం రిజిస్టరే ఇంటింటికీ తిరుగుతుంది. దాన్ని మోసేది చదువుకున్న మన పిల్లలే. అడగ్గానే తీర్మానం రాసిచ్చిన పంతుళ్లం మేమూ ఉన్నాం. సిగ్గుపడుతూనే చెప్తున్నాం.

15వ ఆర్థిక సంఘం నిధుల్లో నూటికి 60 నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగిలిన 40 మీదనైనా మన మాట చెల్లొద్దా?

పాత నసాబును తిరిగి తెమ్మనడం లేదు. నాయక్, కార్భారి కూర్చున్న ఆ కచేరీలో ఆడవాళ్లకు మాటెక్కడిది? ఇప్పుడు మాత్రం ముందు వాళ్లనే అడగాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి సభకు ముందే బడి ఆవరణలో ముగ్గుతో తండా పటం గీయండి. యాడీలను, ముసలివాళ్లను పిలవండి. కుంట, మత్తడి, బంచరాయి, బాట, ఎండిన బోర్లు వాళ్లే చూపిస్తారు. సర్వే నంబర్లతో దాన్ని చార్టు మీదికి ఎక్కించి కార్యదర్శికిచ్చి ముద్ర వేయించుకోండి. తీసుకోనంటే, ఆ మాటే రాసి సంతకం పెట్టమనండి.