గ్యాస్ కిట్టు ఆర్సీకి ఎక్కకపోతే బీమా ఉన్నా ధీమా లేదు

పెట్రోలు లీటరు వంద దాటాక మన రైతుల్లో చాలామంది పాత ఓమ్నీలకు, మారుతి 800లకు గ్యాస్ కిట్లు పెట్టించుకున్నారు. పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనే ఇందుకు అనుమతిస్తోంది. కిట్టు ఆమోదం పొందినదై ఉండాలి, మార్పు సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకు తెలిపి ఆర్సీలో రాయించుకోవాలి. కంపెనీ నుంచే గ్యాసుతో వచ్చిన ఓమ్నీలకు ఈ బాధ లేదు.

చిక్కంతా ఆ రాయించుకోవడం దగ్గరే. కిట్టు బిగించినవాడు డబ్బులు లెక్కపెట్టుకుని పంపేస్తాడు. ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాలంటే పొలం పని చెడుతుంది, బ్రోకరు చేయి తడపాలి. దాంతో ఆర్సీలో 'పెట్రోలు' అనే ఉండిపోతుంది. బీమా ఏజెంటు ఆ ఆర్సీ చూసి పాలసీ రాసేస్తాడు. ప్రీమియం తీసుకునేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న, బండి దెబ్బతిన్నాక సర్వేయరు వచ్చి అడుగుతాడు. మా మండలంలో ఒక టమాటా రైతుకు ఇదే జరిగింది. ఆరేళ్లు ఒక్క ఏడాది కూడా తప్పకుండా ప్రీమియం కట్టాడు. లారీ వెనకనుంచి గుద్దితే, కిట్టు సంగతి చెప్పలేదు కాబట్టి క్లెయిము చెల్లదని కాగితం పంపారు. గుద్దింది లారీ అయితే గ్యాసుకేం సంబంధమని మేము అడిగాం. జవాబు లేదు.

ఇంతకీ కిట్టుకు అదనంగా కట్టాల్సిందెంత? మోటారు టారిఫ్ లెక్కన సొంత బండి నష్టానికి కిట్టు విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీకి 60 రూపాయలు. 20 వేల కిట్టయితే 860 రూపాయలు, జీఎస్టీ వేరే. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టేవాళ్లకు ఆ అరవైతోనే సరి. ఇంత చిన్న మొత్తం గురించి రైతుకు తెలుగులో చెప్పే దిక్కు లేదు.

అసలు భయం ఎదుటివాడికి దెబ్బ తగిలినప్పుడు. పాలసీ షరతు మీరారని తేలితే, బాధితుడికి ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని కోర్టులు ఎన్నో కేసుల్లో చెప్పాయి. ట్రిబ్యునల్ తీర్పు సొమ్మును భూమి శిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేయించే వీలు అదే చట్టం 174వ సెక్షన్లో ఉంది. కారు దగ్గర మొదలైన తగాదా పాసుబుక్కు దాకా రావచ్చు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. 14.2 కిలోల వంట సిలిండరును డిక్కీలో పెట్టి పైపు తగిలించేవాళ్లను సంఘం వెనకేసుకు రాదు. కారు గ్యాస్ ట్యాంకుకు 80 శాతం నిండగానే ఆపేసే వాల్వు ఉంటుంది, వంట సిలిండరుకు ఉండదు. పైగా అది నేరం. అయితే ఆటో గ్యాస్ బంకులన్నీ పట్నాల చుట్టూ ఉంటే పల్లెటూరివాడు ఏం చేయాలో కూడా ప్రభుత్వమే చెప్పాలి.

2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అన్నారు. ఆ భయంతో పాత కిట్టు ఉన్నవాడు ఆర్టీఓ ఆఫీసు గడప తొక్కడం లేదు. అందుకే మండల కేంద్రాల్లో క్యాంపులు పెట్టి, కిట్లు తనిఖీ చేసి, బాగున్నవాటిని జరిమానా లేకుండా ఆర్సీల్లో ఎక్కించాలని డిమాండ్ చేస్తున్నాం. బీమా ఫారం తెలుగులో ఉండాలి, కిట్టు ఉందా లేదా అన్నది ఏజెంటే అడిగి రాయాలి.

క్లెయిము కొట్టేస్తే ఊరుకోకండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆ టమాటా రైతు అర్జీ సంఘం ఆఫీసులోనే రాసి పంపాం.